యంత్రం బాగుంది, అచ్చు అడగకండి

జిల్లేడువలస బడికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది. రేకు మీద పెయింటరెవరో చేత్తో రాసింది. వానలకు అక్షరాలు పోయి రేకు మిగిలింది. ఆ తర్వాత ఆ రేకు ఎవరి పందిరికో పనికొచ్చింది. బోర్డు లేదని పిల్లలెవరూ దారి తప్పలేదు. ఆ బడికి ఉన్న ఒకే ఒక్క టీచరు దమయంతీ తప్పలేదు. మధ్యాహ్న భోజనం వండే ఎరకమ్మ అసలా బోర్డు వంక ఎన్నడూ చూసి ఎరగదు.

దారి తప్పింది విద్యాశాఖ. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది.

“నిర్ణీత నమూనాలో, జిల్లా నామఫలకాల కేంద్రం నందలి యూవీ యంత్రముపై ముద్రింపబడిన ఫలకము లేని పాఠశాల లేనట్లే భావింపబడును. లేనట్లు భావింపబడిన పాఠశాల విద్యార్థులు ఉన్నట్లు భావింపబడిన పాఠశాలకు తరలింపబడుదురు.”

దమయంతి దాన్ని పొయ్యి దగ్గర నిలబడి పైకి చదివింది. ఎరకమ్మ గరిటె ఆపింది.

“అంటే ఏటి మేడమ్? మనం ఉన్నామా, లేమా?”

“సోమవారం దాకా ఉన్నాం. సోమవారం గుర్తింపు సంఘం వస్తుంది. బోర్డు కనబడితే ఆ తర్వాత కూడా ఉంటాం.”

“మరి నాను వండిన కూడో?”

“అదీ లేనట్టే.”

“గుంటలు తినీసినారు గదా! కడుపులు నిండినాయి గదా!”

“నిండినట్టు భావించరు.”

ఉన్నట్టు భావించే బడి గెడ్డకు అవతల ఉంది. వానాకాలంలో ఆ వాగు పొంగితే ఊళ్లోవాళ్లు పశువుల్ని కూడా అవతలికి తోలరు. పిల్లల్ని తోలమంటోంది శాఖ. మగపిల్లలు నాలుగు రోజులు వెళ్లి మానేస్తారు. ఆడపిల్లలు ఆ నాలుగు రోజులూ వెళ్లరు. వాళ్ల చంకలోకి తమ్ముడో, చేతిలోకి మేకల తాడో వచ్చేస్తుంది. దమయంతికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆమెతో ఒకటో తరగతి చదివిన ఆడపిల్లల్లో ఐదో తరగతి దాటింది ఆమె ఒక్కతే.

ఒంటిపూట బడి కాబట్టి, పిల్లలు ఇళ్లకు పోగానే ఇద్దరూ రోడ్డెక్కారు. బస్సు వచ్చింది. ఖాళీగా ఉంది. ఆగకుండా పోయింది. ఇంకోటి వచ్చింది. అదీ ఖాళీయే. అదీ ఆగలేదు. జనం ఎక్కితే సీట్లు పాడవుతున్నాయని డిపోవారు కనిపెట్టారట. ఎక్కించుకోవడం మానేశాక బస్సులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. రోజూ తుడిచి, కడిగి, ఖాళీగా తిప్పి తెస్తున్నారు.

“ఇదెక్కడి చోద్యమమ్మా!” అంది ఎరకమ్మ.

“ఇప్పుడు మనం వెళ్తున్న చోటే ఇది పుట్టింది,” అంది దమయంతి, ఆటో ఆపుతూ.

నామఫలకాల కేంద్రం చరిత్ర జిల్లా అంతటికీ తెలుసు. అక్కడొక యంత్రం ఉంది. పెద్ద మంచమంత బల్ల. బల్ల మీద పలక పెడితే, పైన ఒక తల అటూ ఇటూ పరిగెత్తుతూ సన్నటి రంధ్రాల్లోంచి రంగులు చిమ్ముతుంది. పక్కనున్న నీలిదీపం ఆ రంగుల్ని అక్కడికక్కడే ఆరబెడుతుంది. దానికి రోజువారీ సేవ కొంచెం కావాలి. తల తుడవాలి. తెల్ల సిరా అడుగున పేరుకోకుండా కదపాలి. పొద్దున్నే పరీక్షగీతలు కొట్టించి ఏ రంధ్రమైనా మూసుకుందేమో చూసుకోవాలి. పొయ్యిగట్టు తుడుచుకున్నంత పని. ఆపరేటరు గౌరునాయుడు టీ చల్లారేలోపు ముగించేవాడు.

ఒకరోజు ముగించలేదు. మొదలే పెట్టలేదు. ఆ పూట ఎర్రరంగు రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. ఆ పూటే మంత్రిగారి శంకుస్థాపన ఫలకం అచ్చయింది. సభలో తెర లాగారు. పచ్చిమామిడికాయ రంగులో మంత్రిగారు నవ్వుతూ బయటపడ్డారు. చప్పట్లు కొట్టాలో, డాక్టరును పిలవాలో జనానికి తోచలేదు.

గౌరునాయుడి మీద చర్య తీసుకొని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అంతకంటే ఘోరం జరిగింది. నిత్య నిర్వహణ విభాగం పుట్టింది. దానికి ఉపసంచాలకుడిగా వేమకోటి రాజమన్నారు గారు వచ్చారు.

గుమ్మం దగ్గర ఇద్దరు ఆడవాళ్లనూ బంట్రోతు ఆపాడు. చెప్పులు విప్పించాడు. కాళ్లు కడిగించాడు. తలలో పూలు తీయించాడు, పుప్పొడి రాలుతుందని. లోపల మసక చీకటి. వెలుతురు పడితే తలలో సిరా గట్టిపడుతుందని కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కట్టారు. మధ్యలో బల్ల. చుట్టూ తెల్లకోట్లలో ఉద్యోగులు. తల తుడిచేవాళ్లు కొందరు. తుడిచే గుడ్డను తుడిచేవాళ్లు మరికొందరు. వాళ్ల చేతులు తుడవడానికి ఒక ఆమెను తాత్కాలిక పద్ధతిలో తీసుకున్నారు. ఆమె చేతుల సంగతి ప్రభుత్వ పరిశీలనలో ఉంది.

గౌరునాయుడు బాగా ఒళ్లు చేశాడు. ఇప్పుడతను ఆపరేటరు కాదు, ప్రధాన పరిమార్జకుడు.

గంట మోగింది. “తెల్ల సిరా కదిలించు వేళయినది!” అని ఎవరో కేక పెట్టారు. అందరూ లేచి నిలబడ్డారు. గౌరునాయుడు ముందుకొచ్చి, రెండు వేళ్లతో సీసాను కుడికి ఊపాడు, ఎడమకు ఊపాడు. ఒకతను కర్పూరం వెలిగించబోతే పొగ పనికిరాదని ఇంకొకతను ఊదేశాడు. అందరూ కూర్చున్నారు.

రాజమన్నారు గారు గాజుగదిలో ఉన్నారు. మనిషి సన్నం. మాట బరువు.

“బడికి బోర్డు కావాలి సార్,” అంది దమయంతి.

“ఫలకము.”

“ఫలకమే సార్. సోమవారంలోపు అచ్చు వేసిస్తే...”

“అమ్మా, తమరు ముద్రణ కోరుచున్నారు. ఇది నిర్వహణ విభాగము.”

“ముద్రణ విభాగం ఎక్కడుంది సార్?”

“నిర్వహణలో ఉన్నది.”

ఎరకమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. రాజమన్నారు గారు దాన్ని భక్తి అనుకున్నారు. ముందుకు వంగారు.

“తమకు బోధపడునట్లు చెప్పెదను. యంత్రము మలినమగుటకు కారణమేమి? శాస్త్రీయముగా పరిశోధించితిమి. ముద్రించిన దినములందు తలకు సిరా అంటుచున్నది. ముద్రింపని దినములందు అంటుట లేదు. దీనినిబట్టి ఏమి తేలినది?”

“అచ్చు వెయ్యకపోతే యంత్రమెందుకు సార్?”

“నిర్వహించుటకు.”

“ఊరకుంటే బొక్కలు మూసుకుపోతాయి గదా బాబూ?” అంది ఎరకమ్మ. “మా కుళాయీ అంతే.”

“సాధు!” రాజమన్నారు గారి కళ్లు మెరిశాయి. “అందులకే ప్రతిదినము పరీక్షగీతలు ముద్రించుచున్నాము. రండు, చూడుడు.”

గోడ పొడవునా నిండు సైజు ఫలకాలు నిలబెట్టి ఉన్నాయి. నీలం గీతలు, ఎర్ర గీతలు, పసుపు గీతలు, నల్ల గీతలు. ఒక్క అక్షరం లేదు. మొన్నటిదాకా ఆ ఫలకాలు జిల్లాలోని బళ్లకు, వీధులకు, ఆస్పత్రులకు కేటాయించినవి.

“ఒక్క గీత తెగినదేమో చూపుడు,” అన్నారాయన. “ఒక్కటి!”

“ఇది ఏ ఊరిదండి?” అడిగింది ఎరకమ్మ ఒక ఫలకం వంక చూసి.

“ఏ ఊరిదీ కాదు. కావుననే ఇంత నిర్మలముగా ఉన్నది.”

ఇంతలో గోడకున్న మీటరు కీచుమంది. తెల్లకోట్లన్నీ పరుగులు తీశాయి. ఎండాకాలం, గాలిలో తేమ పడిపోయింది. తేమ పడిపోతే తల ఎండిపోతుంది.

“అర్జీదారులను ప్రవేశపెట్టుడి!” అని కేకవేశారు రాజమన్నారు గారు.

పక్క తలుపు తెరిచారు. బోర్డుల కోసం వచ్చి వరండాలో కూర్చున్న జనం వరసగా వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. వాళ్లకిది కొత్త కాదని తెలుస్తూనే ఉంది. దమయంతినీ ఎరకమ్మనూ వాళ్ల మధ్యకు నెట్టారు.

“నోరు తెరువుడు. తేమ నిమిత్తము శ్వాస దీర్ఘముగా విడువుడు. హా...”

“హా...” అన్నారు జనం.

దమయంతి పక్కన ఒక సర్పంచి నిలబడ్డాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య మాట్లాడాడు. “మాది శ్మశానం బోర్డండి. ఉగాది నుంచి వొస్తన్నాను. హా... బోర్డు రాలేదు గానీ, హా... ఆయాసం తగ్గిపోనాది.”

“మీ ఊళ్లో ఎవరూ అడగటం లేదా?”

“శ్మశానానికి ఎల్లినోల్లెవలూ బోర్డు లేదని వెనక్కి రాలేదండి. హా...”

ఎరకమ్మ నోరు తెరవగానే గౌరునాయుడు వెనక్కి దూకాడు. “సార్! అడ్డపొగ చుట్ట వాసన!”

ఎరకమ్మను ఇద్దరు తెల్లకోట్లవాళ్లు చేతులు పట్టుకొని బయటికి నడిపించారు. ఆమెకు ‘అనర్హ శ్వాస’ అని చీటీ కట్టారు. దమయంతిది మేలురకం శ్వాస అని తేలింది. రోజూ పాఠాలు చెప్పే గొంతు కావడం వల్ల నిలకడగా, వెచ్చగా వస్తోందని మెచ్చుకొని, వారానికి మూడు రోజులు రమ్మన్నారు.

“నా బడి మూసేస్తారు సార్,” అంది దమయంతి. ఈసారి గొంతు నిలకడగా లేదు. “గెడ్డ అవతలికి మా పిల్లలు పోరు. మీకు ఒక్క పలక.”

రాజమన్నారు గారు జాలిగా నవ్వారు.

“మూసివేత తమకొక్కరికేనా? మమ్ములను కూడ మూయవచ్చిరి. ఫలకములు ముద్రింపని ఫలకాల కేంద్రమెందులకని ఆర్థికశాఖవారు తాళముతో సహా వచ్చిరి. గుమ్మము దాటలేకపోయిరి.”

“ఎందుకు సార్?”

“నిర్వహణలో ఉన్న ప్రభుత్వ ఆస్తిని మూయరాదు, తరలింపరాదు, ప్రశ్నింపరాదు. నిర్వహణ పూర్తియైన పిమ్మటనే మూయవలెను. మాది నిత్య నిర్వహణ. అది పూర్తియగుటెన్నడు?” ఆయన తన తెలివికి తానే కాసేపు మౌనం పాటించారు. “పై సర్కారు ఈ సూత్రమును మెచ్చి జిల్లా అంతటికిని వర్తింపజేసినది. ఆస్పత్రియందు కొత్త స్కానింగు యంత్రము చూచితిరా? ఒక్క రోగి కూడ తాకలేదు.”

“ఆస్తి అంటే యంత్రాలేనా సార్?”

“సమస్త ప్రభుత్వ ఆస్తులును.”

“బడి?”

“నిస్సందేహముగా.”

దమయంతి ఆయన వంక చూసింది. బల్ల వంక చూసింది. మర్యాదకు ఇంకొక్కసారి “హా” అని వదిలి, చెప్పులు వేసుకొని బయటపడింది.

“బోర్డేదమ్మా?” అంది ఎరకమ్మ, మెడలో చీటీతో.

“అక్కర్లేదు. సోమవారం పప్పుచారు పెట్టు. బాగా చిక్కగా. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. ఎవరడిగినా అదే చెప్పు.”

సోమవారం పొద్దున్న గుర్తింపు సంఘం జీపులో దిగింది. ముందు పరిశీలకులు త్రినాథ పట్నాయక్ గారు. ఆయన వెనక లక్క, కొవ్వొత్తి, తాళం పట్టుకున్న సభ్యుడొకడు. ఆ సభ్యుడు గడియకు తాళం ఎలా పడుతుందో దూరం నుంచే కొలుచుకుంటూ వచ్చాడు. తలుపు దాకా వచ్చి ఇద్దరూ ఆగిపోయారు. గుమ్మానికి నల్లబల్ల ఒకటి వేలాడుతోంది. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు.

“ఈ పాఠశాల నిత్య నిర్వహణలో ఉన్నది. చెప్పులు విడువవలెను.”

పట్నాయక్ గారు చదివారు. మళ్లీ చదివారు. వంగి బూటు లేసులు విప్పుకున్నారు. తాళం మనిషి చెప్పులు విడిచి, తాళాన్ని వెనక్కి దాచుకున్నాడు.

లోపల పిల్లలు వరసలుగా కూర్చొని ఎక్కాలు వల్లిస్తున్నారు. గది దద్దరిల్లుతోంది.

“ఈ ధ్వని ఏమి?” అడిగారు పట్నాయక్ గారు.

“రోజువారీ పరీక్ష సార్. వరసగా ఒక్కొక్కరూ ఒక్కొక్క మెట్టు చెబుతారు. ఆగకుండా వస్తే బాగున్నట్టు. ఎవరి దగ్గరైనా ఆగితే అక్కడ మూసుకుపోయినట్టు.”

“అద్భుతము! మా సమక్షమున జరుపుడు.”

పదమూడో ఎక్కం మొదలైంది. పదమూడు ఒకట్లు, పదమూడు రెళ్లు, ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి చకచకా దూకుతూ వచ్చి, కిటికీ పక్కనున్న బక్క పిల్లాడి దగ్గర ఆగిపోయింది.

“పదమూడు ఏడ్లు...” అన్నాడు వాడు. తర్వాత ముక్కు ఎగబీల్చాడు.

“మూసుకొనిపోయినది!” పట్నాయక్ గారు కుర్చీలోంచి లేచారు.

దమయంతి వెళ్లి వాడి తల వెనక చెయ్యి వేసి, చెంగుతో ముక్కు గట్టిగా తుడిచింది.

“వస్త్రము ధూళిరహితమైనదేనా?” తాళం మనిషి ఆందోళనపడ్డాడు.

“పొద్దున్నే ఉతికింది సార్.”

“తొంభై ఒకటి!” అరిచాడు పిల్లాడు. ఎక్కం మళ్లీ పరిగెత్తింది. పట్నాయక్ గారు చప్పట్లు కొట్టారు. ఇంత వేగంగా శుద్ధి జరగడం తన సర్వీసులో చూడలేదన్నారు. ఇంకొకసారి మూసుకుపొమ్మని పిల్లాణ్ణి బతిమాలారు. వాడు ఒప్పుకోలేదు.

తర్వాత వంటపాక. ఎరకమ్మ పెద్ద గిన్నె ముందు నిలబడి గరిటె తిప్పుతోంది.

“ఇదేమి?”

“అడుగున పేరుకోకుండా కదుపుతున్నాను బాబూ.”

“ఎంతసేపటికొకసారి?”

“ఆపకుండానే. ఆపితే గడ్డ కట్టెస్తాది.”

“నమూనా తీయవలెను,” అన్నారు పట్నాయక్ గారు. ఎరకమ్మ నమూనాను అన్నంలో పోసింది. సంఘం చాప మీద కూర్చొని నమూనాను సమగ్రంగా పరిశీలించింది. రెండోసారి కూడా పరిశీలించింది. ఊరగాయ విషయంలో సభ్యుల మధ్య కొద్ది భేదాభిప్రాయం వచ్చినా, కలిపి తిన్నాక ఏకాభిప్రాయం కుదిరింది.

చేతులు కడుక్కున్నాక పట్నాయక్ గారి ముఖం మారింది. మళ్లీ గదిలోకి వచ్చి నిలబడ్డారు.

“చివరి ప్రశ్న. మిక్కిలి ముఖ్యమైనది. ఈ పాఠశాలయందు వాడుక ఏదైనను జరుగుచున్నదా?”

“వాడుకంటే సార్?”

“బోధన. రహస్యముగానైనను సరే. బోధన జరుగుచున్నచో ఇది నిర్వహణ కాదు, వినియోగము. అప్పుడు ఫలకము చూపవలసి వచ్చును.”

తాళం మనిషి చెయ్యి వెనక నుంచి ముందుకు వచ్చింది.

పిల్లలంతా ఆమె వైపే చూస్తున్నారు. అబద్ధం చెప్పకూడదని ఈ గదిలోనే, ఈ గోడ దగ్గరే నిలబడి చెప్పిన మనిషి ఆమె. గెడ్డ గుర్తొచ్చింది. ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లల జడలు కనిపించాయి.

“జరగటం లేదు సార్,” అంది.

పట్నాయక్ గారు పిల్లల వైపు తిరిగారు. “నిజమేనా? ఈమె మీకేమైనను చెప్పునా?”

వెనక వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది. దానికి అబద్ధం రాదు. నిన్ననే పక్కదాని బలపం తానే తీశానని వచ్చి ఒప్పుకుంది. దమయంతి కళ్లు మూసుకుంది.

“మేడమ్ ఏటీ సెప్పరండి,” అంది పిల్ల. “మా సేతే సెప్పిత్తారు.”

పట్నాయక్ గారు జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు.

నివేదిక అక్కడే కూర్చొని రాశారు. “బోధన శూన్యము. నిర్వహణ నిరుపమానము. ఈ పాఠశాలను శాశ్వతముగా నిత్య నిర్వహణ జాబితాలో చేర్చడమైనది. మూయరాదు, తరలింపరాదు, ప్రశ్నింపరాదు. ఫలకము అనవసరము. అయితే వాడుక పెరుగు ప్రమాదము ఉన్నందున కొత్త విద్యార్థులను చేర్చుకొనరాదు. అరిగిన వాని స్థానమున విడిభాగములు తెప్పించుకొనవచ్చును.”

జీపు కదిలింది. తాళం మనిషి ఒక చేత్తో తాళం, ఇంకో చేత్తో ఎరకమ్మ కట్టిచ్చిన పప్పుచారు గిన్నె పట్టుకొని వెనక కూర్చున్నాడు. దుమ్ము అణిగాక దమయంతి గుమ్మంలోనే కూలబడింది. ఎరకమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

“ఇంత కూడు తిని ఒక్కడూ ఉప్పు సరిపోయిందని అన్లేదు సూడు,” అంది.

వేసవి సెలవులు గడిచాయి. వానలు పడ్డాయి. గెడ్డ పొంగింది. బడి తెరిచిన రోజు పొద్దున్న, తడిసిన గొడుగు కింద ఒక తల్లి తన ఐదేళ్ల కొడుకును చెయ్యిపట్టి తెచ్చింది. వాడు కొత్త సంచి ఛాతీకి హత్తుకొని నిలబడ్డాడు. ముందు పళ్లు రెండు లేవు.

“సేర్చుకోండి మేడమ్. ఈడు ఇంటికాడ నిలవటం లేదు.”

కొత్త విద్యార్థులను చేర్చుకోకూడదు. దమయంతి కలం తీసి, పేరు రాసి, తండ్రి పేరు రాసి, తర్వాత గడిలో ఒక మాట రాసింది. తల్లికి అక్షరాలు రావు గాని, అనుమానం వచ్చింది.

“ఏటి రాసినారండి?”

“విడిభాగం అని.”

ఆమె ముఖం చిన్నబోయింది. “మాం ఆ కులపోల్లం కాదండి.”

“కులం కాదమ్మా. గవర్నమెంటు పెట్టిన పేరు. మీవాణ్ణి దాని కిందే తీసుకోవాలి.”

తల్లి ఆలోచించింది. అటూ ఇటూ చూసి, ఎరకమ్మ వినకుండా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించింది.

“దానికేటైనా స్కాలర్‌సిప్పు వొస్తాదా?”

“ఇంకా రాలేదు,” అంది దమయంతి. “వచ్చేలోపు వాణ్ణి లోపలికి పంపు. తడిసిపోతున్నాడు.”